నా పేరు మీద ఒక్క ఫైలూ లేదు

ఈసారి ఉత్తరం రాసినావిడ వయసు 68. పేరు వేయొద్దన్నారు. భర్త గుండె జబ్బుతో పదకొండేళ్లు బాధపడి ఏడాదిన్నర కిందట పోయారు. ఆ పదకొండేళ్లూ ఆయన బీపీ చూడటం, మందులు ఇవ్వడం, రిపోర్టులు దాచడం అన్నీ ఈవిడే చేశారు. తేదీల వారీగా సర్దిన ఆ ఫైళ్లు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయట. "మొన్న అవి తీసి చూస్తుంటే తట్టింది, నా పేరు మీద ఒక్క ఫైలూ లేదు" అని రాశారు. రెండో కాన్పు తర్వాత తన కోసమని డాక్టరు దగ్గరికి వెళ్లింది ఒక్కసారే. రెండేళ్ల కిందట బాత్రూంలో జారి పడి మణికట్టు విరిగితే కట్టు కట్టారు, ఆరు వారాలకు తీసేశారు, అంతటితో సరి.

నాలుగు నెలల కిందట ఆవిడ చెల్లెలికి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. చెల్లెలి వయసు 64. చేతికి గడ్డ తగులుతున్నా ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదట. అది తెలిసినప్పటి నుంచి కూతురికి ఒకటే టెన్షన్. తల్లికి ఎనభై పరీక్షల ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ బుక్ చేసేసింది. అందులో క్యాన్సర్ మార్కర్లు, అంటే రక్తంలో క్యాన్సర్ జాడ వెతికే పరీక్షలు కూడా ఉన్నాయి. కొడుకు మాట వేరు. "ఏ బాధా లేని మనిషిని పట్టుకెళ్లి గుచ్చి గుచ్చి ఏదో ఒకటి బయటికి తీస్తారు, ఈ వయసులో అవసరమా?" అంటాడు. ఈవిడేమో ఇద్దరి మధ్యా నలిగిపోతున్నారు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), పాప్ టెస్ట్ (గర్భాశయ ముఖద్వారం పరీక్ష) అనే మాటలు వినడమే తప్ప ఎప్పుడూ చేయించుకోలేదు. ఇప్పుడు చేయించుకుని ప్రయోజనం ఉందా అని అడిగారు. ఏదైనా బయటపడితే పిల్లలకు బరువైపోతానేమో అని కూడా రాశారు.

ఉత్తరం చివర, సంతకం కింద మరో నాలుగు వాక్యాలు ఉన్నాయి. "ఇంకో చిన్న సంగతి. నెలసరి ఆగిపోయి 18 ఏళ్లయింది. ఈ మధ్య రెండుసార్లు లోదుస్తులకు కొంచెం ఎర్రటి మరక కనిపించింది. వేడి చేసి ఉంటుందనుకుని పిల్లలకు చెప్పలేదు."

*

అమ్మా, మీరు చిన్న సంగతి అన్నదాని దగ్గరే మొదలుపెడతాను. మీ ఉత్తరంలో పెద్ద సంగతి అదే.

పాతికేళ్లుగా ఆడవాళ్లను చూస్తున్నాను. చాలామంది నడుంనొప్పి గురించీ, నిద్ర గురించీ పావుగంట చెబుతారు. కుర్చీలోంచి లేచి తలుపు దాకా వెళ్లాక వెనక్కి తిరిగి "అన్నట్టు డాక్టరుగారూ..." అంటారు. అసలు జబ్బు ఆ 'అన్నట్టు' తర్వాత వస్తుంది. మీరు ఉత్తరంలోనూ అదే చేశారు.

నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఎప్పుడు రక్తం కనిపించినా, చుక్కయినా, ఒక్కసారైనా, గులాబీ రంగు మరకైనా, కారణం ఏమిటో చూడాల్సిందే. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇలా వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కారణం ప్రమాదకరమైనది కాదు. హార్మోను తగ్గిపోయి లోపలి పొరలు పలచబడి, ఎండిపోయి చిట్లుతుంటాయి. కొందరికి లోపల చిన్న పాలిప్, అంటే కండపెరుగుదల ఉంటుంది. కానీ సుమారు పదిమందిలో ఒకరికి అది గర్భాశయ క్యాన్సర్ అవుతుంది. మిగతా తొమ్మిదిమందిలో మీరుండే అవకాశమే ఎక్కువ. అయితే ఆ పదిమందిలో మీరెవరో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం.

ఈ క్యాన్సర్‌లో ఒక విచిత్రం ఉంది. చాలా క్యాన్సర్లు చడీచప్పుడూ లేకుండా పెరుగుతాయి. ఇది మాత్రం తొలిదశలోనే రక్తం చూపించి పిలుస్తుంది. ఇది వచ్చినవాళ్లలో పదికి తొమ్మిదిమందికి మొదటి లక్షణం రక్తస్రావమే. గర్భాశయం దాటకముందే దొరికితే నూటికి తొంభైమందికి పైగా ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉంటారు. అంటే ఆ మరక వల్ల మీకు సమయం దొరికింది. దాన్ని 'వేడి' ఖాతాలో రాసేసి పోగొట్టుకోకండి.

ఏం చేస్తారో చెబుతాను, సగం భయం అక్కడే పోతుంది. ముందు ఆ రక్తం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తారు. యోని దగ్గరి నుంచి వచ్చిందా, మూత్రంలోంచా, మొలల నుంచా అన్నది లోదుస్తుల మీద మరకను బట్టి చెప్పలేం. తర్వాత యోని ద్వారా అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తారు. వేలి లావు ఉండే పరికరం, ఐదు పది నిమిషాల పని. గర్భాశయం లోపలి పొర మందం ఎన్ని మిల్లీమీటర్లు ఉందో అందులో కొలుస్తారు. నెలసరి ఆగినవాళ్లలో అది 4 మిల్లీమీటర్లు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ. ఎక్కువ ఉంటే సన్నటి గొట్టంతో లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ నిమిషం పాటు నెలసరి నొప్పిలా పట్టేసినట్టు ఉంటుంది. మీకు ఇప్పటికే రెండుసార్లు కనిపించింది కాబట్టి, పొర పలచగా ఉన్నా మళ్లీ కనిపిస్తే మళ్లీ వెళ్లాలి. 'ఒకసారి చూశారుగా' అని ఊరుకోకూడదు.

ఇక్కడే మీ అమ్మాయి బుక్ చేసిన ప్యాకేజీ సంగతి. ఆ ఎనభై పరీక్షల్లో ఒక్కటి కూడా ఈ మరకకు సమాధానం చెప్పదు. రక్తపరీక్షలో మార్కర్లు నార్మల్‌గా ఉన్నా గర్భాశయ క్యాన్సర్ లేదని కాదు. పాప్ టెస్ట్ నార్మల్ వచ్చినా కాదు. పాప్ టెస్ట్ చూసేది గర్భాశయ ముఖద్వారాన్ని, మీ మరక వచ్చి ఉండవచ్చనుకునేది దాని పైనున్న గదిలోంచి. ప్యాకేజీ చేయించుకుని, 'అన్నీ నార్మల్' అన్న కాగితం చేతికొచ్చి, మీరు ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్లిపోవడమే నాకు అన్నిటికన్నా భయంగా ఉన్న దారి.

మీ పిల్లలిద్దరి వాదనకూ ఇక్కడే ముడి విప్పొచ్చు. స్క్రీనింగ్ అంటే ఏ లక్షణమూ లేని మనిషిలో దాగిన జబ్బును ముందుగా వెతకడం. లక్షణం కనిపించాక చేసేది స్క్రీనింగ్ కాదు, రోగనిర్ధారణ. మీ అబ్బాయి 'ఏ బాధా లేని మనిషికి' అంటున్నాడు. ఆ మాట స్క్రీనింగ్ గురించైతే అందులో కొంత నిజం ఉంది, కింద చెబుతాను. కానీ మీరు ఏ బాధా లేని మనిషి కాదు. ఆ విషయం అతనికి తెలియదు, అంతే.

మీ ఉత్తరంలో ఇలాంటిదే రెండోది కూడా ఉంది, దాన్ని మీరు గుర్తించినట్టు లేదు. నిలబడ్డ ఎత్తు నుంచి పడితే మణికట్టు విరిగింది. గట్టి ఎముక అలా విరగకూడదు. ఆ రోజు కట్టు కట్టినవాళ్లు ఎముకల సాంద్రత చూపించుకోమని చెప్పాల్సింది, చెప్పలేదు. ఇది ఎక్కడైనా తరచూ జరిగే పొరపాటే. విరిగిన ఎముకను చూస్తారు గానీ ఎందుకు విరిగిందని అడగరు. ఇంకో చోట మాటవరసకు రాశారు, వంటింటి పై అరలో డబ్బా ఇదివరకు అందేది, ఇప్పుడు స్టూలు వేసుకోవాల్సి వస్తోందని. మీ ఎత్తు కొలిపించండి. వయసులో ఉన్నప్పటి ఎత్తు కన్నా 4 సెంటీమీటర్ల దాకా తగ్గితే వెన్నుపూసలు కుంగి ఉండొచ్చు. వెన్నుపూసలు విరిగినా చాలామందికి తెలియదు, నడుంనొప్పి అనుకుంటారు.

ఎముకల సాంద్రత కొలవడానికి డెక్సా స్కాన్ చేస్తారు. బట్టలతోనే బల్ల మీద పడుకోవాలి, పావుగంటలో అయిపోతుంది, రేడియేషన్ చాలా తక్కువ. టీ-స్కోర్ అని ఒక అంకె ఇస్తారు. మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకు గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అంటారు. ఏమీ విరగకపోయినా 65 దాటిన ఆడవాళ్లు ఒకసారి చేయించుకోవడం మంచిది. మీకైతే విరిగింది కాబట్టి ఎప్పుడో చేయాల్సింది. మందులున్నాయి. వారానికొక మాత్ర, అది పడనివాళ్లకు ఏడాదికొక ఇంజెక్షన్, ఇలా. వాటితో తర్వాతి విరుపు ముప్పు బాగా తగ్గుతుంది. మణికట్టు తర్వాత విరిగేది తుంటి అయితే ఆ కథే వేరు, మళ్లీ సొంతంగా నడవలేనివాళ్లు చాలామంది ఉంటారు. పిల్లలకు బరువవుతానేమో అని రాశారు కదా, ఎనభై పరీక్షల కన్నా ఈ ఒక్క స్కాన్ దానికి దగ్గరి మందు.

ఇప్పుడు అసలు స్క్రీనింగ్ విషయాలు. ఇక్కడ మీకు నిజంగా ఎంచుకునే వీలుంది, ఎటు మొగ్గినా తప్పు కాదు.

మామోగ్రామ్ చేయించుకోవడానికి మీ వయసు దాటిపోలేదు. అమెరికా నిపుణుల సంఘం 40 నుంచి 74 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి చేయించుకోమంటుంది. బ్రిటన్‌లో 50 నుంచి 71 దాకా మూడేళ్లకోసారి పిలుస్తారు. రెండు లెక్కల్లోనూ మీరు లోపలే ఉన్నారు. తోబుట్టువుకు వస్తే మీ ముప్పు కూడా కొంత పెరుగుతుంది, ఏ కుటుంబ చరిత్రా లేనివాళ్లతో పోలిస్తే రెట్టింపుకు కాస్త అటూ ఇటూగా. చెల్లెలికి జన్యు పరీక్ష అవసరమా అని వాళ్ల డాక్టరును అడగమనండి. అందులో ఏదైనా తేలితే మీ లెక్క, మీ అమ్మాయి లెక్క కూడా మారుతుంది.

చేయించుకుంటే ఏమవుతుంది? బ్రిటన్ లెక్క ప్రకారం నూరుమంది చేయించుకుంటే నలుగురిని మళ్లీ పరీక్షలకు పిలుస్తారు. ఆ నలుగురిలో క్యాన్సర్ ఉండేది ఒకరికి. అంటే మళ్లీ రమ్మని ఫోన్ వచ్చినా కాళ్లు చల్లబడక్కర్లేదు. ఇంకో నష్టం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఎప్పటికీ ప్రాణం తీయని నెమ్మది క్యాన్సర్లు కూడా ఇందులో దొరుకుతాయి. ఏది నెమ్మదిదో ఏది కాదో ముందే తేల్చలేం కాబట్టి అన్నిటికీ వైద్యం చేస్తారు. 2012లో అక్కడి స్వతంత్ర నిపుణుల బృందం లెక్కకట్టింది. స్క్రీనింగ్ వల్ల ఒక ప్రాణం నిలిస్తే, దాదాపు ముగ్గురు అవసరం లేని వైద్యం చేయించుకుంటున్నారని. మీ అబ్బాయి మాటలో నిజం ఉందన్నది ఇందుకే. దీని లాభం చేతికి రావడానికి సుమారు పదేళ్లు పడుతుంది కూడా. ఇంకో పదేళ్లు బతికే ఆరోగ్యం ఉన్న 68 ఏళ్ల మనిషికి ఈ బేరం లాభమే అని నా ఉద్దేశం. నేనూ అరవై దాటినదాన్నే, ఈ అంకెలన్నీ తెలిసీ చేయించుకుంటున్నాను. రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి పట్టే ఆ కొన్ని క్షణాలు నొప్పిగానే ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను.

వద్దనుకుంటారా, అదీ మీ హక్కు. అప్పుడు మాత్రం స్నానం చేసేటప్పుడు గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాక్కున్నా, రక్తం కారినా ఆ వారంలోనే వెళ్లాలి. మీ చెల్లెలు మామోగ్రామ్ చేయించుకోలేదన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. తెలిసిన గడ్డను ఏడాది దాచింది. ఇప్పుడు మీరు మరకను దాస్తున్నారు. కటువుగా ఉంటే క్షమించండి.

గర్భాశయ ముఖద్వారం పరీక్ష 65 దాటితే అక్కర్లేదని ఎక్కడో చదివినట్టు రాశారు. ఆ మాట అంతకుముందు పదేళ్లలో క్రమంగా చేయించుకుని, అన్నీ నార్మల్‌గా వచ్చినవాళ్లకు. మీకు ఒక్కసారీ చేయలేదు కాబట్టి ఆ మినహాయింపు వర్తించదు. ముఖద్వార క్యాన్సర్‌కు కారణం శారీరక కలయికతో సోకే హెచ్‌పీవీ అనే వైరస్. దాని సంబంధం కనిపెట్టినందుకే హరాల్డ్ త్సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. ఎప్పుడో వయసులో సోకింది పదిహేను, ఇరవై ఏళ్లు లోపల ఊరకుండి తర్వాత పని మొదలుపెట్టగలదు. అందుకే 'ఆయన పోయారు, ఇప్పుడు నాకెందుకు' అనే లెక్క ఇక్కడ కుదరదు. ఎలాగూ మరక కోసం లోపల చూస్తారు కాబట్టి హెచ్‌పీవీ నమూనా కూడా అప్పుడే తీయమనండి, ఒకే సిగ్గుతో రెండు పనులు. పొడిబారి ఉంటుంది కనుక చిన్న సైజు పరికరం వాడమని అడగండి. ఆడ డాక్టరే కావాలని అడగడం, అమ్మాయిని పక్కన ఉంచుకోవడం, నొప్పిగా ఉంటే ఆపమనడం, ఇవన్నీ మామూలుగా అడిగేవే.

పెద్దపేగు క్యాన్సర్‌కు మలంలో కంటికి కనిపించని రక్తాన్ని చూసే పరీక్ష ఉంది. నమూనా ఇంట్లోనే తీసుకోవచ్చు. 75 దాకా ఏడాదికోసారి చేస్తారు. పాజిటివ్ వస్తే కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష చేయించుకోవాలి. ఆ రెండో మెట్టుకు మీరు సిద్ధంగా లేకపోతే మొదటిది చేయించుకోవడం దండగ.

ఇక మార్కర్లు. సీఏ-125 అనే మార్కర్ రక్తపరీక్షతో అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టేద్దామని బ్రిటన్‌లో రెండు లక్షలమందికి పైగా ఆడవాళ్ల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. 2021లో ఫలితం వచ్చింది. ఆ పరీక్ష వల్ల ఆ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. మరో సంగతి, లేబొరేటరీ కాగితం మీద నార్మల్ అని రాసే హద్దులు చాలావరకు ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది ఇమిడేలా పెడతారు. అంటే ప్రతి పరీక్షలో ఇరవైమంది ఆరోగ్యవంతుల్లో ఒకరు హద్దు దాటతారు. ఎనభై పరీక్షలు చేస్తే ఏ జబ్బూ లేని మనిషికి కూడా నాలుగైదు చోట్ల ఎర్ర అక్షరాలు రావడం వింత కాదు. వాటిని చూసి మీ అమ్మాయికి నిద్ర పట్టదు, మీరు వాటి వెనక తిరుగుతారు. ప్యాకేజీ రద్దు చేసుకోవచ్చంటే రద్దు చేయించండి. వీల్లేకపోతే మార్కర్లు మానేసి షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలు చేయించుకోండి, అవి పనికొస్తాయి.

ఒక చిన్న ప్రశ్న. మీవారికి రోజూ బీపీ చూసిన మెషీన్ ఇంట్లోనే ఉంది కదా. ఆ పట్టీని ఈ పదకొండేళ్లలో ఒక్కసారైనా మీ చేతికి చుట్టుకున్నారా? ప్రపంచంలో ఆడవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది రొమ్ము క్యాన్సర్ కాదు, గుండె, రక్తనాళాల జబ్బులు. ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని చూసుకుని రాసుకోండి. ఇంట్లో 135/85 దాటుతుంటే ఆ కాగితం డాక్టరుకు చూపించాలి. ఫ్లూ, న్యుమోనియా, షింగిల్స్ టీకాల గురించి కూడా అప్పుడే అడగండి. టీవీ చూడబుద్ధి కావడం లేదనీ, తెల్లవారుజామునే మెలకువ వస్తోందనీ రాశారు. గత రెండు వారాల్లో చాలా రోజులు దేని మీదా ఆసక్తి లేకుండా, దిగులుగా గడిచిందంటే అది కూడా చెప్పండి. భర్త పోయిన దుఃఖం సహజమే. అయినా దానికీ సాయం ఉంటుంది.

మిగిలింది పిల్లలకు ఎలా చెప్పడం. మూడు దారులు కనిపిస్తున్నాయి. అమ్మాయికి ముందు చెబితే అపాయింట్‌మెంట్ రేపటికే దొరుకుతుంది, కానీ రెండు రోజులు ఆమె కంగారును కూడా మీరే మోయాలి. అబ్బాయికి చెబితే అతని వాదన అక్కడితో ఆగిపోతుంది, 'నాకెందుకు చెప్పలేదు' అన్న నొప్పి కొంత మిగులుతుంది. ఎవరికీ చెప్పకుండా నమ్మకమైన స్నేహితురాలితో వెళ్లి స్కాన్ అయ్యాక చెప్పొచ్చు. చాలామంది ఇదే చేస్తారు, తప్పు కాదు. కానీ ముక్క తీయాల్సి వస్తే రిపోర్టు వచ్చేదాకా ఒంటరిగా ఎదురుచూడాలి. మీ ఉత్తరం చదివాక నాకైతే మీ అమ్మాయి ఆ భారం మోయగలదనిపించింది. మోయడానికి పని దొరక్కే ఎనభై పరీక్షలు బుక్ చేసి ఉంటుంది. ఎటైనా సరే, రెండు వారాలు దాటనివ్వకండి. ఈలోగా రక్తం ఎక్కువగా పోతే ఆ రోజే వెళ్లండి.

డాక్టరు ముందు కూర్చోగానే మొదటి మాటగా, నడుంనొప్పి కన్నా ముందు, ఇది అనండి: "నెలసరి ఆగి 18 ఏళ్లయింది, ఇప్పుడు రెండుసార్లు రక్తం కనిపించింది." నోరు రాకపోతే కాగితం మీద రాసి ఇచ్చేయండి.

కొత్త ఫైలు ఒకటి తెచ్చుకుని పైన మీ పేరు రాయండి. మొదటి కాగితంలో మరక కనిపించిన రెండు రోజులు, గుర్తున్నంత వరకు. మణికట్టు విరిగిన నెల. వాడే మందులేమైనా ఉంటే వాటి పేర్లు, చెల్లెలి జబ్బు వివరం. స్కాన్ అయ్యాక ఆ లోపలి పొర ఎన్ని మిల్లీమీటర్లు అన్నారో నాకు రాయండి. మామోగ్రామ్ సంగతి ఇంకా తేల్చుకోలేకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.